ఒకటో నంబరు సాంచె

మొన్న ఆదివారం పొద్దున భావేశ్ మా ఇంటికి వచ్చాడు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే గడ్డం ఇంత పైకెత్తి పలకరించడం తప్ప ఏనాడూ మా గడప తొక్కని మనిషి, చంకలో ఏదో మఖ్మల్ గుడ్డలో చుట్టుకుని, దేవుడి పటం తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చి నా భోజనాల బల్ల మీద పెట్టాడు. గుడ్డ విప్పితే లోపల ఒక ప్లైవుడ్ పలక, దాని మీద రేకు, రేకు మధ్యలో ఒకే ఒక్క అంకె కనపడే ఎర్ర అద్దం. "సరోజ్‌బెన్, ఓళ్ఖ్యుం?" అన్నాడు, గుర్తుపట్టావా అని. గుర్తుపట్టకేం! వెనక్కి తిప్పకుండానే దాని పేగులన్నీ వరసగా చెప్పగలను. సూరత్ బయట బార్డోలీ దారిలో కొత్త ఫ్యాక్టరీ కట్టాడట. అందులోకి అడుగు పెట్టగానే అద్దాల గది ఒకటి ఉంటుందట. కంపెనీ చరిత్ర అంతా అందులో పెడతాడట. ఈ పలక ఆయనగారి మొదటి ఇన్వెన్షన్ కాబట్టి మొదటి అద్దాల పెట్టె దీనిదేనట. "మీరు పాలిటెక్నిక్‌లో ఇంతకాలం ఇదే కదా చెప్పింది, ఇదెలా పనిచేస్తుందో నాలుగు ముక్కలు సింపుల్‌గా రాసివ్వండి, పెట్టె పక్కన అంటిస్తాం" అన్నాడు. చాయ్ తాగాడు, బిస్కెట్ ముట్టలేదు, పలక ఇక్కడే వదిలి వెళ్ళాడు. రాస్తానన్నాను. రాస్తున్నాను. ఇది నాలుగు ముక్కల్లో అయ్యేది కాదు, ఆయన అద్దాల పెట్టె పక్కన పట్టేదీ కాదు.

ఇన్వెన్షన్ అట! పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి, రేడియో సామాన్ల దుకాణంలో చిప్పులు కొని, బొమ్మలో ఉన్నట్టే తీగలు అతికించిన వాడు ఇన్వెంటర్ అయితే, మా అమ్మ వండిన ప్రతి పూటా ఒక ఇన్వెన్షనే. ఈ పలక వెనక ముఖ్యమైన చిప్పులు రెండు. ఒకటి ఎన్‌కోడర్. తొమ్మిది తీగల్లో దేని మీద పిలుపు వచ్చిందో చూసి, ఆ నంబరును నాలుగు తీగల మీద సున్నాలూ ఒకట్లుగా మార్చి పంపుతుంది. రెండోది డీకోడర్. ఆ సున్నాలనూ ఒకట్లనూ చదివి, అద్దంలోని ఏడు గీతల్లో ఏవి వెలగాలో వాటిని వెలిగిస్తుంది. ఎనిమిది అయితే ఏడు గీతలూ వెలుగుతాయి, ఒకటి అయితే రెండే. ఇంతే సంగతి. నా ఉద్యోగమంతా వీటితోనే గడిచింది. కూడిక చేసే అడ్డర్, పది దారుల్లో ఒకదాన్ని ఎంచే మల్టిప్లెక్సర్, రెండింటిలో ఏది పెద్దదో తేల్చే కంపారేటర్, ఈ ఎన్‌కోడర్, డీకోడర్. అన్నిటినీ కలిపి కాంబినేషనల్ లాజిక్ అంటారు. వీటికి ఉన్న ఒకే ఒక్క గుణం ఏమిటంటే జ్ఞాపకం లేకపోవడం. ఇప్పుడు లోపలికి ఏమొస్తే దానికి తగినది ఇప్పుడు బయటికి పోతుంది, అంతకు ముందు ఏం జరిగిందో వాటికి అక్కర్లేదు. భావేశ్ కూడా ఆ జాతిలోని వాడే అనుకుంటాను, లేకపోతే ఈ పలకను ఏ మొహం పెట్టుకుని మా ఇంటికి తెస్తాడు?

అప్పుడు మేము లింబాయత్‌లో ఉండేవాళ్ళం. ఇప్పటి పిల్లలు మ్యూజియం అంటారే, ఆ సందు ఇప్పటికీ ఏమీ మారకుండా అలాగే ఉంది, వెళ్ళి చూసుకోవచ్చు, టికెట్ కూడా లేదు. రెండు గదులు, ముందు గదిలో అమ్మ కండెలు చుట్టే రాట్నం, వెనక గదిలో మేము. మా బాపు సిరిసిల్ల దిక్కు నుంచి సాంచెల మీద పనికి సూరత్ వచ్చాడు. సాంచె అంటే మరమగ్గం, మా వాళ్ళు అక్కడా ఇక్కడా అదే మాట అంటారు. నాన్నను బాపు అంటే చుట్టుపక్కల గుజరాతీలు నవ్వేవాళ్ళు, వాళ్ళకు బాపు అంటే ఏదో పెద్ద ఠాకూరు, మాకేమో పొద్దున్నే దువ్వెన కోసం ఇల్లంతా వెతికే మనిషి. ఆయన పని నుంచి వచ్చాడంటే ముందు వాసన వచ్చేది, మెషిన్ నూనె, నూలు దుమ్ము, చెమట, దాని మీద తంబాకు. తలలో తెల్లగా నూలు పీచు ఇరుక్కుని ఉండేది. అమ్మ గుమ్మంలోనే ఆపి, కొంగుతో దులిపి, అప్పుడు లోపలికి రానిచ్చేది. మక్క గటుక ఉడికే వాసన, కిరోసిన్ స్టవ్వు వాసన, తమ్ముడు శ్రీను గుజరాతీ బడి లెక్కలు గట్టిగా చదవడం. ఒకసారి వాడు కూడిక చేస్తూ "వద్దీ ఏక్, వద్దీ ఏక్" అని పాడుతుంటే అమ్మ రాట్నం ఆపి పరిగెత్తుకొచ్చింది. "ఏందిరా, ఎవని దగ్గర తెచ్చినవ్‌రా వడ్డీకి?" అని వీపు మీద ఒకటి వేసింది. గుజరాతీలో వద్దీ అంటే కూడికలో పక్క స్థానానికి పోయే అంకె అని ఆమెకు నచ్చజెప్పేసరికి నా ప్రాణం పోయింది. "గట్లయితే ఆ మాట మార్చుకోమనండ్రి" అని తీర్పు చెప్పి వెళ్ళిపోయింది. తరువాత క్లాసులో అడ్డర్ చెప్పిన ప్రతిసారీ క్యారీ అనే మాట దగ్గర నాకు ఆ దెబ్బ చప్పుడు వినపడేది.

బాపు పనిచేసే షెడ్డును ఖాతా అనేవాళ్ళం. అది కాంతిశేఠ్‌ది. ఒక్కొక్కరికి రెండేసి సాంచెలు, అలా ఎనిమిది జోడీలు, ఎనిమిది మంది కార్మికులు. లోపలికి వెళితే పక్కన ఉన్న మనిషి అరిచినా వినపడదు. పోగు తెగితే కార్మికుడే అతుక్కుంటాడు, అది ఆయన పని. కాని సాంచె భాగం ఏదైనా విరిగితే, పట్టీ తెగితే మిస్త్రీ రావాలి, వచ్చేదాకా సాంచె ఆగి ఉంటుంది, ఆగిన సాంచె మీద గుడ్డ పడదు. మిస్త్రీని పిలవడానికి ప్రతి జోడీ దగ్గరా ఒక కర్ర, కర్రకు ఎర్రగుడ్డ. గుడ్డ పైకి లేచిందంటే మిస్త్రీ చూస్తాడు, ఎవరిది ముందు లేచిందో గుర్తుంటుంది కాబట్టి ముందు అక్కడికి పోతాడు. ఆయన రోజంతా తిరుగుతూనే ఉండేవాడు. నేను బాపుకు సద్ది తీసుకుపోయినప్పుడు చూసేదాన్ని, ఎర్రగుడ్డలు లేస్తూ దిగుతూ, మధ్యలో ఆ మనిషి తిట్టుకుంటూ నడుస్తూ. చూడటానికి ఏమంత గొప్పగా ఉండేది కాదు. పని మాత్రం జరిగేది.

శేఠ్ అన్న కొడుకు ఈ భావేశ్. అప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవుల్లో ఖాతాకు వచ్చి ఎర్రగుడ్డలు చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. ఈ కాలంలో గుడ్డలు ఊపడం ఏమిటి, కరెంటు ఎందుకుంది అన్నాడు. ఈ పలక తయారుచేశాడు. ప్రతి జోడీ దగ్గరా ఒక స్విచ్, స్విచ్ వేస్తే ఆ నంబరు పలక మీద వెలుగుతుంది, మిస్త్రీ పలక చూసి వెళతాడు. పని అయ్యాక స్విచ్ తీసేస్తాడు. శేఠ్ సంతోషం అంతా ఇంతా కాదు. పలక ఎక్కించిన రోజు కొబ్బరికాయ, పేడాలు, పూలదండ. సాంచెలకు నంబర్లు వేయాల్సి వచ్చింది, అంతకు ముందు గుమ్మం పక్కది, కిటికీ కిందిది అనే తప్ప నంబర్లు ఎక్కడివి? అప్పుడు మా వాళ్ళందరూ ఒక్కమాట మీద అన్నారు, రాజన్న, అంటే మా బాపు, పెద్దమనిషి, ఈ ఖాతాలో అందరికంటే పాత కార్మికుడు, ఆయనకే ఒకటో నంబరు ఇవ్వాలని. శేఠ్‌కూ అది మర్యాదగానే తోచింది. తెల్ల పెయింటుతో ఒకటి వేయించి, దానికి పసుపు కుంకుమ పెట్టించాడు. కొత్తగా ఒడిశా నుంచి వచ్చిన కైలాశ్ అందరికంటే చిన్నవాడు కాబట్టి వాడికి చివరిది, ఎనిమిది. ఆ సాయంత్రం అమ్మ మలీద ముద్దలు చేసి సందంతా పంచింది. "మా ఆయనది ఒకటో నంబర్" అని అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ చెప్పింది. మా వాళ్ళకు వరసలో ముందు నిలబెడితే చాలు, ఆ వరస ఎటు పోతుందో అడగరు.

మిస్త్రీకి మాత్రం పండగే. ఇక తిరగక్కర్లేదు. పలకకు ఎదురుగా స్టూల్ వేసుకుని బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. పక్షపాతం లేకుండా ఉండాలని శేఠ్ గట్టిగా చెప్పాడు, పలక చూపించిన చోటికే పోవాలి, ఎవరూ వచ్చి భుజం తట్టి పిలవకూడదు, సాంచె వదిలి రాకూడదు అని. మొదట్లో అందరూ పలకను పొగిడారు. కొన్ని వారాలు తిరిగేసరికి మా బాపు ముఖం మారింది. ఆయన సాంచె ఆగితే ఆగినట్టే ఉంటోంది. స్విచ్ వేస్తాడు, పలక మీద ఎనిమిది. చూస్తాడు, ఇంకా ఎనిమిది. తరువాత ఐదు. ఐదు పోయిందనుకుంటే మళ్ళీ ఏడు. పాత సాంచెలు అవన్నీ, ఎప్పుడూ ఏదో ఒకటి చెడుతూనే ఉండేది, ఒకటి వెలిగే వంతు వచ్చేసరికి పూట గడిచిపోయేది. "మిషిన్‌కు నేనంటే పడ్తలేదే" అన్నాడు అమ్మతో, నవ్వుతున్నట్టే. అమ్మ వెంటనే నిమ్మకాయ, ఎండుమిరపకాయలు తీసుకుని దిష్టి తీసింది. నంబరు చూసి ఓర్వలేక ఎవరి కన్నో పడిందట! ఇన్ని మలీద ముద్దలు తిన్న సందులో ఎవరి కన్ను అని చెప్పడం?

దిష్టితో పోయే జబ్బా అది. గుడ్డ కొలిచిన ప్రతిసారీ బాపుది అందరికంటే తక్కువ. శేఠ్ చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే తిట్టేవాడు, మేమూ తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. ఆయన జాలిపడ్డాడు. "కాకా, హవే హాథ్ నథీ చాల్తా" అన్నాడు. కాకా, ఇక నీ చేతులు ఆడటం లేదు అని. ఆ మాట ఎంత మెత్తగా అన్నాడో అంత లోతుగా దిగింది. బాపు సాంచె ఎందుకు ఆగుతోందో అడగడం మానేసి తన చేతులను చూసుకోవడం మొదలుపెట్టాడు. అన్నం కలుపుతూ మధ్యలో ఆగి వేళ్ళు చూసుకునేవాడు. అమ్మ రోజూ సాయంత్రం ఆముదం వెచ్చబెట్టి మణికట్టు నుంచి గోళ్ళ దాకా రుద్దేది, ఆ జిడ్డు వాసన మా పుస్తకాలకు కూడా అంటుకుంది. ఎవరైనా ఇంటికి వస్తే చేతులు తువ్వాలు కింద దాచుకునేవాడు. నాకు మిస్త్రీ మీద అనుమానం. "నువ్వు పోయి ఆ మిస్త్రీని గట్టిగా అడుగు బాపూ" అన్నాను. "ఆయనదేముంది బిడ్డా, పలక చూపెడ్తే వస్తడు, చూపెట్టకపోతే రాడు. నా చేతులే మందమైనయ్. ముసలోన్ని గాలేనా?" అన్నాడు. అప్పటికి ఆయన ఏమంత ముసలివాడు కూడా కాదు, ఇప్పుడు నా వయసు అంతకంటే ఎక్కువ.

నేను అప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాను. మాకు పాఠం చెప్పే సార్ పసుపు రంగుకు తిరిగిన నోట్సు తెచ్చి, మా వైపు చూడకుండా బోర్డుకే చెప్పేవాడు. మేమూ అర్థం చేసుకోకుండా రాసుకునేవాళ్ళం, ఇరుపక్కలా న్యాయంగా జరిగిపోయేది. ఒక మధ్యాహ్నం ఆయన ప్రయారిటీ ఎన్‌కోడర్ అని శీర్షిక రాసి కింద పట్టిక గీశాడు. ఏ తీగల మీద పిలుపు వస్తే ఏ అంకె బయటికి పోతుందో చెప్పే పట్టిక అది. పెద్ద నంబరు తీగ మీద పిలుపు ఉన్న వరసలో, మిగిలిన చిన్న నంబర్ల కింద అన్నీ ఇంటూ గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. ఆ ఇంటూ ఏమిటని ఎవరో అడిగారు. "డోంట్ కేర్. హోయ్ కే న హోయ్, ఫరక్ నథీ పడ్తో" అన్నాడు. ఉన్నా లేకున్నా తేడా లేదు అని. రెండు పిలుపులు ఒకేసారి ఉంటే పెద్ద నంబరుదే చెల్లుతుంది, చిన్నదాన్ని ఆ చిప్పు అసలు చూడదు, ఎవరు ముందు పిలిచారో దానికి తెలియదు, తెలుసుకునే జ్ఞాపకమే దానికి లేదు. ఎనిమిది, ఐదు, ఏడు వెలిగి ఒకటి మాత్రం వెలగని బాపు ఖాతాలోని పలక గుర్తొచ్చి, నేను ఒకటో నంబరు కింద ఉన్న గళ్ళు చూశాను. పై నుంచి కింది దాకా ఇంటూ, ఇంటూ, ఇంటూ. మిగిలిన తీగలన్నీ నోరు మూసుకున్న ఒక్క వరసలో తప్ప ఒకటికి ఎక్కడా దిక్కులేదు. ఒళ్ళు మండిపోయింది. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పెద్దమనిషని ముందు నిలబెట్టి మా బాపును తీసుకుపోయి ఆ ఇంటూల కింద పడేశారు. సార్ ఇంకా గీస్తూనే ఉన్నాడు, నేను సంచి సర్దుకుని బయటికి వచ్చేశాను.

ఇప్పుడు ఆ పట్టిక గీయడం ఎవరికీ రాదు. చివరి సంవత్సరాల్లో నా క్లాసుకు వచ్చిన పిల్లలు ఎన్‌కోడర్ అంటే ఫోనులో అడిగి చదివి వినిపించేవాళ్ళు, ఫోను చెప్పినంత చక్కగా నేను కూడా చెప్పలేను, కాని ఆ ఇంటూ దగ్గర ఎవరైనా ఉన్నారా అని ఒక్కడూ అడగలేదు. పోనీ, పెద్దవాళ్ళు ఏం తక్కువ తిన్నారు? గ్యాస్ కంపెనీకి ఫోను చేస్తే మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని ఒక ఆడగొంతు పాటలా చెబుతుంది. ఆసుపత్రిలో టోకెన్ ఇచ్చి కూర్చోబెడితే మన ముందు నుంచే ప్లాటినం కార్డు వాళ్ళు లోపలికి పోతారు, మనం గోడ మీద అంకె చూస్తూ కూర్చుంటాం, అంకె మారకపోతే మనదే ఏదో తప్పనుకుంటాం. అప్పుడు ఒక ఖాతాలో ఒక పలక ఉండేది. ఇప్పుడు ఊరంతా పలకలే. మునుపు మిస్త్రీని కనీసం తిట్టడానికైనా వీలుండేది, ఆయనకూ తిరిగి తిట్టడానికి నోరుండేది. భావేశ్ అద్దాల గదికి బోలెడంత సరుకు దొరుకుతుంది, వెతుక్కోమనండి.

ఆ సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి బాపు అప్పటికే వచ్చి, స్నానం చేసి, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నెల ఒడిసేదాక చేసి ఇడ్శిపెడ్త అని శేఠ్‌కు చెప్పొచ్చిండట" అంది అమ్మ. సాంచె వదిలేస్తాడట, ఎక్కడైనా వాచ్‌మన్ పని చూసుకుంటాడట.  చిప్పు, తీగ, పట్టిక అంటే వాళ్ళకేం తెలుస్తుంది? చెంబు నిండా నీళ్ళు తీసుకుని మధ్యలో కూర్చున్నాను. "బాపూ, నువ్వు ఒకటి. అమ్మ ఐదు. శ్రీనుగాడు ఎనిమిది. దూప అయితే చెయ్యి లేపుండ్రి, నేను నీళ్ళు ఇస్త" అన్నాను. ముగ్గురూ నాకేదో అయిందన్నట్టు చూశారు. బాపు సరే అన్నట్టు చెయ్యి లేపాడు. శ్రీను కూడా లేపాడు, నేను శ్రీనుకు పోశాను. అమ్మ లేపింది, అమ్మకు పోశాను. బాపు చెయ్యి దించలేదు. శ్రీను మళ్ళీ లేపాడు, మళ్ళీ వాడికే పోశాను. వాడికి ఆట బాగుంది, లేపుతూనే ఉన్నాడు, నీళ్ళు తాగలేక ఒంపుకుంటున్నాడు, నేను పోస్తూనే ఉన్నాను. "నేను ఎప్పటిసంది లేపి కూసున్ననే, నాకియ్యవేంది?" అన్నాడు బాపు. "నువ్వు ఒకటి బాపూ" అన్నాను. "ఒకటైతే?" "పెద్ద నంబర్ చెయ్యి లేపితే ఒకటిని చూడొద్దని నన్ను చేసిన్రు. ఆ పలకను గట్లనే చేసిన్రు. నువ్వు పొద్దంత స్విచ్ ఏసినా దానికి కండ్లే లేవు." బాపు చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. అమ్మ ముందు అర్థం చేసుకుంది. "ఓరి నా కొడుకా" అని భావేశ్‌ను మొదలుపెట్టి వాళ్ళ ఏడు తరాలను సూరత్‌లో ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ కలిపి తిట్టింది. బాపు చెయ్యి దించాడు. లేచి వెళ్ళి నల్లా కింద ముఖం కడుక్కుని వచ్చి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున నన్ను వెంట రమ్మన్నాడు. ఖాతా బయట ఉన్న చిన్న ఆఫీసు గదిలో శేఠ్, పక్కన భావేశ్ ఉన్నారు. బాపు హిందీ ఆయన నోట్లో ముక్కలైపోయేది కాబట్టి నేనే చెప్పాను. ఎన్‌కోడర్ పట్టిక కాగితం మీద గీసి చూపించాను. భావేశ్ కాగితం వైపు చూసి, నన్ను శభాష్ అన్నట్టు చూశాడు. "బరాబర్ ఛే. పెద్ద నంబరుకే ప్రయారిటీ, చిప్పు స్వభావమే అది" అన్నాడు. "అంటే నీకు ముందే తెలుసా?" అని అడిగాను. "తెలియకుండా ఎట్లా? డేటా పుస్తకంలో ఉంటుంది కదా. ఎవరో ఒకరు చివర ఉండాలి, తప్పదు. ఒకటో నంబరు కావాలన్నది మీ వాళ్ళే, నేనేమన్నా ఇచ్చానా?" అన్నాడు. సిగ్గుపడలేదు. దబాయించనూ లేదు. వర్షాకాలంలో వాన పడుతుందన్నంత మామూలుగా అన్నాడు. నన్ను అడిగితే ఆ మామూలుతనం కంటే కాలర్ పట్టుకుని కొట్టినా బాగుండేది. శేఠ్ మాత్రం కొంచెం నొచ్చుకున్నాడు. ఆయనకు తెలియదు పాపం, నిజంగానే తెలియదు. "అరే, ఇంతేనా? కాకాను ఎనిమిదికి పంపండి, కైలాశ్‌ను ఒకటికి తెండి. కాకా, పని మానేయొద్దు" అన్నాడు. క్షణంలో అంతా తేలిపోయింది. నా గుండె నిమ్మళించింది.

బాపు గాజు కిటికీలోంచి ఖాతాలోకి చూశాడు. లోపల కైలాశ్ వంగి పోగు అతుకుతున్నాడు, వాడికి ఇవేమీ తెలియవు. బాపు నా వైపు తిరిగి, "శేఠ్‌కు చెప్పు బిడ్డా" అన్నాడు. "ఆ ఒకటో నంబర్ల రేపు ఎవడు నిలవడ్డా రెండు నెల్లకు ఆని చేతులు పోయినయనే అంటరు. ఆ పోరగాని చేతులు ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నయ్. నాకు ఎనిమిది వద్దు. ఆ పలకను తియ్యమను. ఎర్రగుడ్డలే మంచిగుండె." నేను చెప్పాను. పలక తీసే మాట రాగానే భావేశ్ ముఖం మొదటిసారి మారింది, దాన్ని చూడటానికి కాలేజీ నుంచి ప్రొఫెసర్లు వస్తున్నారట. శేఠ్ భావేశ్‌ను చూసి, బాపును చూసి, చివరికి టేబుల్ మీది గాజు బిళ్ళను అటూ ఇటూ జరిపాడు. పలక తీయడం కుదరదన్నాడు. "గట్లయితే నేనే పోత" అన్నాడు బాపు. నాకు ఆ క్షణంలో భావేశ్ కంటే మా బాపు మీద ఎక్కువ కోపం వచ్చింది. ఎనిమిది తీసుకుంటే ఏం పోయేది? ఇల్లు గడవాలి, శ్రీను చదువుకోవాలి, నేను చదువుకోవాలి, ఊరు కాని ఊరిలో పరాయి పిల్లవాడి చేతుల సంగతి మనకెందుకు? గుమ్మం దాటగానే అదే అడిగాను, గట్టిగానే అడిగాను. ఆయన నాకంటే రెండడుగులు ముందు నడిచాడు. ఆ సంగతిలో ఎవరిది న్యాయమో ఇంతకాలం తర్వాత కూడా నేను తేల్చుకోలేదు, తేల్చుకున్నట్టు నటించే ఓపిక లేదు.

ఇంటి సందు వచ్చింది. ఆయన తిరగలేదు. పక్క సందులోకి పోయి, తెలిసిన నర్సయ్య పనిచేసే ఇంకో ఖాతాలోకి నేరుగా దూరాడు, వెనకే నేనూ. అక్కడ నంబర్లు లేవు, పలకా లేదు. చప్పుడులో నర్సయ్య చెవి దగ్గర ఏదో చెప్పి బతిమాలాడు. "జర నీ సాంచె ఇయ్యి, గంతే" అన్నాడని తరువాత నర్సయ్య చెప్పాడు. నర్సయ్య వింతగా చూసి పక్కకు జరిగాడు. బాపు సాంచె ఆపి, సగం నేసిన గుడ్డలో తనే కావాలని ఒక పోగు తెంపాడు. నర్సయ్య నోరు తెరిచాడు. బాపు ఆ తెగిన కొసలు రెండూ పట్టుకుని, చూడకుండా, తల పైకెత్తి నన్ను చూస్తూ అతికాడు. సాంచె వేశాడు. మళ్ళీ ఆపాడు, ఇంకో పోగు తెంపాడు, అతికాడు. నాలుగైదు పోగులు తెంపి అతికేదాకా ఊరుకోలేదు. గుడ్డ బెత్తెడు దిగింది. అరచేయి దాని మీద పెట్టి నిమిరాడు, ఎక్కడా ముడి తగల్లేదు కాబోలు, రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "పోలేదే సరోజా! నా చేతులు పోలే!" అని అరిచాడు. ఆ హోరులో పక్కన ఉన్న నర్సయ్యకు కూడా వినపడలేదు. నేను ఆయన పెదవులనే చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది. తన చేతులు బాగానే ఉన్నాయని తెలుసుకోవడానికి మా బాపు ఇంకొకరి సాంచెను అడుక్కోవాల్సి వచ్చింది. నేను ఆ ఖాతా గోడకు ఆనుకుని, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా ఏడ్చాను.